పెంకుటిల్లునూ కళ్లాన్నీ సినిమా షూటింగుకు అడుగుతున్నారు: ఇదివరకు ఇచ్చినవారు సలహా చెప్పగలరు

వీధరుగు (గార మండలం, శ్రీకాకుళం జిల్లా) అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మాది శాలిహుండం కొండ కనిపించేంత దూరంలో ఉన్న చిన్న ఊరు. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఇప్పటికీ గట్టిగా ఉంది, మేము అందులోనే కాపురం ఉంటున్నాము. మన వైపు పల్లెల సంగతి తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. మా వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఒకే వరుసగా ఉంటాయి. ఒకరి ఇంటి వాసాలు పక్కింటివారి గోడ మీద ఆనుతాయి, ఒకరి అరుగు ఎక్కడ ముగిసి మరొకరి అరుగు ఎక్కడ మొదలవుతుందో ఆ ఇళ్లవాళ్లకు తప్ప ఇతరులకు తెలియదు.

కిందటి వారం ఒక సినిమా కంపెనీ తరఫున లొకేషన్ మేనేజరు, సెట్లూ రంగులూ చూసుకునే ఆర్ట్ విభాగానికి చెందిన ఇద్దరు యువకులు వచ్చారు. కథ 1980ల నాటిదట. ఇంటి ముందు నిలబడి, ఫోనును అడ్డంగా పట్టుకుని, వీధి చివర వరకూ నడుచుకుంటూ చిత్రీకరించారు. తరువాత లోపలికి వచ్చి దూలాలు, ఉట్టి, అటక, పెరటి నుయ్యి అన్నీ చూసి, తమకు ఇలాంటి ఇల్లే కావాలని చెప్పారు. ఇంత చక్కని ఇంట్లోంచి కరెంటు మీటరు పెట్టె, డిష్ గొడుగు, నీలిరంగు ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు మాత్రం కనిపించకూడదట. వీధిలోని సిమెంటు రోడ్డు మీద ఎర్రమట్టి పోసి, షూటింగు అయ్యాక ఎత్తివేస్తామన్నారు. ఇంటితో పాటు ఊరి చివర ఉన్న మా కళ్లం కూడా కావాలి. మొత్తం పన్నెండు రోజులు, కార్తీకం వెళ్లిన తరువాత. సరిగ్గా అప్పుడే మా వరి కోతలు ముగిసి కుప్పలు కళ్లానికి చేరతాయి. సంక్రాంతి లోపల నూర్పు పూర్తి కావాలి.

వారు చెప్పిన అద్దె రోజుకు 15,000 రూపాయలు. ఇది ఎక్కువో తక్కువో నాకు తెలియదు. మా ఎడ్లు రెండూ సాయంత్రం ఇంటికి తిరిగివచ్చే సన్నివేశం కూడా తీస్తామన్నారు. మా తమ్ముడి కూతురికి తొమ్మిదేళ్లు, ఆ పిల్లను చూసి హీరోయిన్ చిన్నతనం వేషానికి సరిపోతుందని మరో మాట అన్నారు. ఆ క్షణం నుంచి మా ఇంట్లో నిద్ర లేదు. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ మాత్రం అందరి మాటలూ విని చివరికి ఒకే ప్రశ్న వేసింది: "ఇల్లు ఆల్లకిచ్చీసి మనవెక్కడికెల్లిపోతామురా?"

ఒప్పందం ఎవరితో రాసుకోవాలి, ఏమేమి రాసుకోవాలి, పిల్లల విషయంలోనూ పశువుల విషయంలోనూ నిబంధనలు ఏమున్నాయి, ఇచ్చినవారు తరువాత ఎందుకు బాధపడ్డారు లేదా సంతోషించారు అన్నది చెబితే మేలు చేసినవారవుతారు.

గోస్తనీ గట్టు (విజయనగరం జిల్లా)

వీధరుగు గారూ, మూడేళ్ల క్రితం మేము మా ఇంటిని తొమ్మిది రోజులకు ఇచ్చాము. బాధా సంతోషమూ రెండూ ఉన్నాయి కనుక రెండూ రాస్తాను.

ముందు ముచ్చట. మా వసారా గోడ తెల్లగా సున్నం వేసి ఉండేది. ఆర్ట్ విభాగంవాళ్లు దానికి మొదట లేత పసుపు డిస్టెంపరు పూసి, అది ఆరకముందే మసి కలిపిన నీళ్లను పైనుంచి చిమ్మి, స్పాంజితో ఒత్తి, అక్కడక్కడ ఇసుక కాగితంతో గీకి, నలభై వానాకాలాల మరకను ఒక్క పూటలో తెప్పించారు. చూరు నీళ్లు ఎక్కడ కారుతాయో, చేతులు ఎక్కడ ఆనించి కూర్చుంటారో అక్కడే మరకలు పెట్టారు. నిజమైన పాతగోడను ఎంత శ్రద్ధగా చూసి ఉంటే ఆ పని చేతనవుతుందో అనిపించింది. నేను పని మానుకుని ఆ పూటంతా అక్కడే కూర్చున్నాను.

మర్నాడు నట్టింట్లోకి వెళ్లాను. తలుపు పక్క గోడ మీద మా నాన్నగారు ఏటేటా బొగ్గుతో రాసుకున్న ధాన్యం లెక్కలు ఉండేవి: ఏ పొలం చెక్కలో ఎన్ని బస్తాలు, ఎవరికి కూలి ఎంత. ఆయన పోయి పదేళ్లయినా ఆ గోడకు మేము సున్నం వేయలేదు. ఆ లెక్కల మీద పసుపు రంగు ఆరుతోంది. ఆ కుర్రాళ్లను ఏమనగలను? ఆ గోడను వదిలేయమని మేము చెప్పలేదు, వాళ్లు అడగలేదు. అందువల్ల నా మొదటి సలహా ఒప్పందం గురించి కాదు. రంగు డబ్బా తెరవకముందే ఆర్ట్ విభాగం మనిషిని వెంటబెట్టుకుని గది గదికీ తిరగండి. ముట్టుకోకూడని ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫోటో తీయించండి.

ఇక గడ్డివాము. కథలో వాము తగలబడాలి. మాకు వెదురు కర్రల చట్రం మీద పైపైన గడ్డి కప్పిన నకిలీ వామునే కాలుస్తామని చెప్పారు, మాట తప్పలేదు. కానీ పైపైన కప్పే గడ్డి కూడా ఎక్కడి నుంచో రావాలి కదా, అది మా వాము నుంచే వచ్చింది. మంట ఒకసారి గాలికి పక్కకు తిరిగింది, ఒకసారి నటుడు మాట మరిచిపోయాడు, అలా మూడుసార్లు కట్టి మూడుసార్లు కాల్చారు. నాలుగు బండ్ల గడ్డి పోయింది. ఆ రోజు బజారు ధర లెక్కగట్టి డబ్బు ఇచ్చారు, మేము సంతకం పెట్టి తీసుకున్నాము. జ్యేష్ఠంలో పశువులకు మేత లేక గడ్డి కొనడానికి బయలుదేరితే ఆ డబ్బుకు రెండు బండ్లు కూడా రాలేదు. కోతల కాలంలో గడ్డి ధర వేరు, ఎండాకాలం చివర ధర వేరు అన్నది రైతుకు ఎవరూ చెప్పనక్కరలేని సంగతి, అయినా చేతికి నోట్లు వచ్చినప్పుడు నాకు గుర్తు రాలేదు.

మరొకటి. షూటింగు అయిపోయిన నాలుగు నెలలకు ఫోను వచ్చింది. రెండు షాట్లు సరిగా రాలేదు, 'ప్యాచ్ వర్క్' ఉంది, ఒక్క రోజు వస్తామన్నారు. అప్పటికి మేము సంక్రాంతికి ఇల్లంతా సున్నం వేయించుకున్నాము. ఆ మాట చెబితే అవతల గొంతులో మాదే తప్పన్నట్టు ఒక నిట్టూర్పు వినిపించింది. వచ్చి, ఫోటోలు చూసుకుంటూ మళ్లీ అదే మరక పెట్టి, తీసుకుని వెళ్లారు.

చివరి వాయిదా డబ్బు కోసం రెండు నెలలు తిరిగాను. ప్యాకప్, అంటే పని ముగిసిందని చెప్పిన గంటలో జనరేటరు వ్యాను కూడా ఊరు దాటిపోతుంది. ఆఖరి రోజు మొదటి షాటుకు ముందే బాకీ మొత్తం చేతికి రావాలని రాసుకోండి.

కాల్షీటు (ఆమదాలవలస, ప్రస్తుతం హైదరాబాదు)

నేను ఆరేళ్లపాటు ప్రొడక్షన్ విభాగంలో పనిచేశాను, అంటే మీరు తిట్టుకుంటున్న అవతలి పక్షం నాదే. గోస్తనీ గట్టు గారు రాసినదంతా నిజమే కానీ, అందులో చాలాభాగం ఎవరి దుర్మార్గం వల్లా జరగదు. షూటింగులో మాట ఇచ్చేది ఒకరు, పని చేసేది మరొకరు, డబ్బు ఇచ్చేది ఇంకొకరు. లొకేషన్ మేనేజరు పని ఇల్లు కుదిర్చేవరకే. ఆయన మీ అమ్మగారికి పాదనమస్కారం చేసి, "ఇల్లు ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తాం" అంటాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అంటాడు. షూటింగు మొదలయ్యే నాటికి ఆయన మరో జిల్లాలో మరో ఇల్లు వెతుకుతూ ఉంటాడు. గోడకు మేకు కొట్టేది ఆర్ట్ విభాగం, "ఆ కొమ్మ అడ్డొస్తోంది" అనేది కెమెరా విభాగం, డబ్బు సంచి ప్రొడక్షన్ మేనేజరు దగ్గర ఉంటుంది. కనుక ఒప్పందం నిర్మాణ సంస్థ పేరుతో, వారి చిరునామా, పాన్ నంబరు, సంతకం చేసే అధికారం ఉన్నవారి సంతకంతో స్టాంపు కాగితం మీద ఉండాలి. అద్దె నెలకు 50,000 రూపాయలు దాటుతుంది కనుక వారు పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకునే అవకాశం ఉంది. మీ పాన్ ఇవ్వండి, ఇవ్వకపోతే పట్టుకునేది ఇరవై శాతం అవుతుంది.

పన్నెండు రోజులు అన్నారు కదా, అవి కెమెరా తిరిగే రోజులు. దానికి ముందు ఆర్ట్ విభాగం నాలుగైదు రోజులు ఇంట్లోనే ఉంటుంది, తరువాత మట్టి ఎత్తడానికీ రంగు మార్చడానికీ మరో రెండు మూడు రోజులు కావాలి. ఆ రోజులకు కూడా సగం అద్దె అడగండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు, తెలిసినవారు అడుగుతారు, కంపెనీలు ఇస్తాయి.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించింది ఇల్లు కాదు, కళ్లం. షూటింగు తేదీలు నటీనటుల డేట్లను బట్టి నడుస్తాయి. పెద్ద నటుడు పది రోజులు వెనక్కి జరిగితే యూనిట్ అంతా పది రోజులు వెనక్కి జరుగుతుంది, దానికి ఎవరూ క్షమాపణ కూడా చెప్పరు. మార్గశిరంలో అనుకున్నది పుష్యంలోకి జరిగితే మీ కుప్పలు ఎక్కడ పెడతారు, నూర్పు యంత్రం బాడుగ ఎవరు భరిస్తారు? బంగాళాఖాతంలో వాయుగుండం పట్టే రోజులు కూడా అవే. తేదీ మారితే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏ తేదీ దాటితే కళ్లం ఇవ్వరు, అడ్వాన్సు తిరిగి ఇవ్వనక్కరలేదా అన్న మూడూ అక్షరాలా రాయించండి. నిజం చెప్పాలంటే కళ్లం ఇవ్వకపోవడమే మంచిది.

పక్కింటివారి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మీ వీధి వరుస ఇళ్లది. మీరు ఇల్లిచ్చారంటే లైట్ల స్టాండ్లు వారి అరుగుల మీదికి వెళ్తాయి, కేబుళ్లు వారి గుమ్మాల ముందు నుంచి పాకుతాయి, ఎవరో ఒకరు షాటు కోసం పెంకుల మీదికి ఎక్కుతారు. మీకు అద్దె, వారికి పెంకులు పగలడమూ, పూటంతా ఇంట్లో అలికిడి చేయకుండా కూర్చోవడమూ మిగిలితే షూటింగు ముగిసిన చాలాకాలం వరకూ ఆ ముఖాలు చూడలేరు. ఇంటికి ఇంత అని వారికి కూడా విడిగా ఇప్పించండి.

పల్లెల్లో ఎవరూ అడగడానికి ఇష్టపడని విషయం మరుగుదొడ్డి. నూరుమందికి పైగా జనం పొద్దున్న అయిదు నుంచి చీకటి పడేవరకూ ఉంటారు. పెద్ద నటులకు కారవాన్, అంటే అన్ని వసతులూ ఉన్న బండి, ఉంటుంది, మిగిలిన ఆడవాళ్లు ఇంటివారి వైపు చూస్తారు. ఎన్ని మొబైల్ టాయిలెట్లు తెస్తారో రాయించండి, లేకపోతే మూడో రోజుకు మీ పెరడు మీది కాదు. లైట్లకు వారి జనరేటరే వాడాలి, మీ ఇంటి మీటరు నుంచి ఒక్క తీగ కూడా లాగనివ్వకండి.

అనుమతులు తెచ్చుకునే బాధ్యత పూర్తిగా వారిదే. రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ నుంచి, స్థానిక పోలీసుల నుంచి, పంచాయతీ నుంచి వచ్చిన కాగితాల నకళ్లు మాత్రం మీరు అడిగి దగ్గర పెట్టుకోండి. శాలిహుండం బౌద్ధ స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది కనుక ఆ కొండ మీద తీయాలంటే 1959 నాటి నిబంధనల కింద ఆ శాఖ దగ్గర వేరే లైసెన్సు తీసుకోవాలి. "కొండ మీద కూడా చిన్న బిట్ తీసేద్దాం, మీకు తెలిసినవాళ్లు ఉన్నారు కదా" అని మిమ్మల్ని మధ్యవర్తిగా పంపితే వెళ్లకండి. సినిమావాళ్లు వాడే స్థాయి డ్రోనుకు నమోదు సంఖ్య, ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఉండాలి.

చాక్‌పీసు (విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట)

పిల్ల విషయం ఎవరూ ఎత్తలేదు కనుక నేను రాస్తున్నాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత పని చేయించడం నిషేధమే అయినా, 2016లో సవరించిన బాల కార్మిక చట్టం సినిమాలో నటించే పిల్లలకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. 2017లో వచ్చిన నియమాలు ఆ షరతులను వివరంగా చెప్పాయి. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారి అనుమతి నిర్మాత ముందుగా తీసుకోవాలి. పిల్ల రోజుకు అయిదు గంటలకు మించి పనిచేయకూడదు, విశ్రాంతి లేకుండా వరుసగా మూడు గంటలు దాటకూడదు. ఇరవై ఏడు రోజులకు మించి వరుసగా పని చేయించకూడదు, చదువు కుంటుపడకుండా ఏర్పాటు చేయాలి. అయిదుగురు పిల్లలకు ఒక్కరు చొప్పున బాధ్యత వహించే మనిషి ఉండాలి. పిల్లకు వచ్చే పారితోషికంలో కనీసం ఇరవై శాతం జాతీయం చేసిన బ్యాంకులో ఆమె పేరు మీదనే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లకు ఇష్టం లేకుండా చేయించకూడదని ఆ నియమాల్లోనే ఉంది. పెద్దలు రాత్రుళ్లు నిద్ర మానుకుని చర్చిస్తున్నారు సరే, ఆ పిల్లను ఎవరైనా అడిగారా?

ఇంకొక జాగ్రత్త. షూటింగు ఊళ్లోకి వచ్చిందని తెలియగానే, వేషం ఇప్పిస్తామని కుర్రాళ్ల దగ్గర ఫోటోలకూ రిజిస్ట్రేషనుకూ డబ్బు వసూలు చేసే మనుషులు తయారవుతారు. వారికీ ఆ కంపెనీకీ చాలాసార్లు ఏ సంబంధమూ ఉండదు. వేషం ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు.

ఎడ్ల విషయంలో 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నియమాలు వర్తిస్తాయి. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న జంతు సంక్షేమ మండలి నుంచి నిర్మాత అనుమతి తెచ్చుకోవాలి. ఆ కాగితం లేకపోతే రేపు సెన్సారు దగ్గర వారికే ఇబ్బంది. కాగితం సంగతి అటుంచి, మా ఊళ్లో కళ్లారా చూసినది చెబుతాను. సాయంత్రం ఎడ్లు మేత నుంచి వచ్చి, ఎవరూ తోలకుండానే వీధి మలుపు తిరిగి నేరుగా కుడితి తొట్టి దగ్గరికి వెళ్లే దృశ్యం షూటింగువాళ్లకు బాగా నచ్చింది. మొదటిసారి అద్భుతంగా వచ్చాయి, కానీ వెనక ఎవరో గొడుగు పట్టుకుని కనిపించారట. మళ్లీ వీధి చివరికి తోలుకెళ్లారు. రెండోసారి వచ్చాయి, తొట్టిలో మూతి పెట్టబోయేలోగా మళ్లీ వెనక్కి తిప్పారు. మూడోసారి మలుపు దగ్గర నిలబడిపోయాయి. దాహంతో ఇంటికి వచ్చిన ఎద్దుకు 'వన్ మోర్' అంటే అర్థం కాదు. ఎర్ర ఎద్దు మెడ వాల్చి నేలను వాసన చూస్తూ అక్కడే పావుగంట నిలబడితే, దాని యజమాని వెళ్లి కెమెరాకు అడ్డంగా నిలుచుని పగ్గం అందుకుని ఇంటికి తోలుకుపోయాడు. ఎన్ని టేకులో ముందే చెప్పించుకోండి, ముందుగా కుడితి పెట్టి పంపండి.

తెప్పల రేవు (కళింగపట్నం వైపు)

మా దగ్గరికి సినిమావాళ్లు ఎక్కువగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం రోజుల్లో వస్తారు. ఆ అరవై ఒక్క రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మాకు పని ఉండదు, బేరం వారికి అనుకూలంగా కుదురుతుంది. ఆ సంగతి మాకూ తెలుసు, అయినా ఖాళీగా ఉన్న బోటుకు వచ్చిన అద్దె వచ్చినట్టే కదా అని ఇస్తాము. అంటే నేను చెప్పేది ఏమిటంటే, వీధరుగు గారూ, మీరు నిషేధంలో లేరు. మీకు పని ఉన్న రోజులు అవి. ఆ ధర వేరుగా ఉండాలి.

సముద్రం ఒడ్డున రాత్రి షూటింగు పెట్టేవారికి ఒక మనవి కూడా చేస్తున్నాను. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి, తరువాత ఒకటిన్నర రెండు నెలలకు పిల్లలు వస్తాయి. అవి వెలుతురు ఉన్న వైపు నడుస్తాయి. ఒకసారి మా రేవులో పెద్ద లైట్లు పెట్టిన రాత్రి, పిల్లలు సముద్రాన్ని వదిలేసి జనరేటరు వైపు బారులు కట్టాయి. మేము బుట్టలతో ఏరి నీళ్లలో వదిలాము. ఆ కెమెరా అసిస్టెంట్లు కూడా ప్యాంట్లు మడుచుకుని మాతో పాటు ఏరారు, అది కూడా చెప్పాలి.

నూలుపోగు (పొందూరు)

మీ అమ్మగారి ప్రశ్న చదివి మా అత్తగారు గుర్తొచ్చి రాస్తున్నాను. మా ఇంట్లో షూటింగు ఒక్క పూటే జరిగింది. ఆవిడ చిన్నప్పటి నుంచి నూలు వడుకుతారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం దగ్గర నుంచి అన్నీ చూపించమన్నారు, చూపించారు. ఆ పళ్ల మధ్య నుంచి దూది పొగమంచులా బయటికి వస్తుంటే ఛాయాగ్రాహకుడు కెమెరా వదిలేసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. తరువాత రాట్నం దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్ అబ్బాయి, "అమ్మా, కాస్త వేగంగా తిప్పండి, ఇలా అయితే కెమెరాలో కదలిక కనిపించదు" అన్నాడు. ఆవిడ తిప్పలేదు. మళ్లీ అడిగాడు. "అలగ తిప్పితే పోగు తెగిపోద్ది నాయినా" అన్నారు. తెగినా ఫరవాలేదు, ఇది సినిమాకే కదా అని అతను నచ్చజెప్పబోయాడు. ఆవిడ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. కోపం కాదు. తెగుతుందని తెలిసి తిప్పడం ఆ చేతికి రాదు, అంతే. చివరికి దర్శకుడు వచ్చి, ఆవిడ వేగానికే కెమెరాను దగ్గరికి జరిపించి తీసుకున్నాడు.

సినిమా టీవీలో వచ్చినప్పుడు అందరమూ కూర్చున్నాము. మన సినిమాల్లో చాలావరకు మాటలు తరువాత డబ్బింగులో చెప్పిస్తారని ఆవిడకు తెలియదు. ముఖం ఆవిడదే, చేతులు ఆవిడవే, నోట్లోంచి మాత్రం ఏ ప్రాంతానికీ చెందని నున్నటి మాట వచ్చింది. ఆవిడ ఒక్క క్షణం చూసి, నా వైపు తిరిగి, "ఈ ముసిల్ది ఎవులే, నా మొకమెట్టుకుని అలగ మాటాడతంది?" అన్నారు. మేము నవ్వి నవ్వి పడిపోయాము. కానీ ఇన్నేళ్లుగా మన యాసను హాస్యగాళ్ల నోటికే పరిమితం చేసిన సినిమా, ఒక పెద్దావిడ గంభీరంగా మాట్లాడవలసి వచ్చేసరికి ఆ యాసనే తీసేయడం నాకు నవ్వులోంచి కూడా గుచ్చుకుంది. మీ ఇంట్లో ఎవరైనా కెమెరా ముందు మాట్లాడితే గొంతు ఎవరిది ఉంచుతారో అడగండి. వారు మార్చుకోకపోవచ్చు, అడిగినట్టయినా ఉంటుంది.

పెద్దావిడను ఇల్లు ఖాళీ చేయించకండి. వెనక గది ఒకటి ఆవిడకు వదిలేయమని రాయించండి.

చీపురుపల్లి బండి

మీరందరూ కలిసి ఆయనను భయపెడుతున్నారు. మా ఊళ్లో పది రోజులు షూటింగు జరిగితే నా ఆటోకు రోజూ బాడుగ దొరికింది, పాకహోటలాయన అన్నాళ్లూ చేతినిండా పనితో ఉన్నాడు, వెళ్తూ వెళ్తూ అమ్మవారి గుడికి రంగు వేయించి వెళ్లారు. పగిలినవి రెండు పెంకులు.

వీధరుగు (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఎవరి సలహా ఎంతవరకు పనికొచ్చిందో చెప్పడం మర్యాద కనుక రాస్తున్నాను.

కళ్లం ఇవ్వడం లేదు. ఆ మాట చెప్పగానే బేరం చెడిపోతుందనుకున్నాము గానీ, లొకేషన్ మేనేజరు అరగంటలో ఊరి అవతల ఈ ఏడు సాగు చేయని ఒక బంజరు చెక్క చూసుకుని, అక్కడ తామే పేడ అలికించి కళ్లం తయారు చేసుకుంటామన్నారు. ఇంత సులువుగా దొరికేదానికి మా కుప్పల మీద ఎందుకు పడ్డారో తెలియదు. ఇంటి అద్దె పెద్దగా పెరగలేదు, కానీ ముందు అయిదు రోజులకూ తరువాత మూడు రోజులకూ సగం చొప్పున ఇస్తామని రాశారు. ప్యాచ్ వర్క్‌కు వస్తే ఒక పూర్తి రోజు అద్దె, రంగు ఖర్చు వారిదే. కాల్షీటు గారు చెప్పిన టాయిలెట్ల మాట నేను ఎత్తినప్పుడు ప్రొడక్షన్ మేనేజరు నవ్వి, "ఎవరో మావాళ్లే మీకు చెప్పి ఉంటారు" అన్నారు. నేను కాదనలేదు.

అటూ ఇటూ మూడేసి ఇళ్లవారితో మా అరుగు మీదనే కూర్చుని మాట్లాడాము. ఒకరు తమకు డబ్బు వద్దని, ఉదయం అయిదు గంటలకు తమ గుమ్మం ముందు ముగ్గు పెట్టుకునే వీలు ఉంటే చాలని అన్నారు. అది ఒప్పందంలో ఎలా రాయాలో స్టాంపు కాగితం రాసిన ఆయనకు చాలాసేపు అర్థం కాలేదు, చివరికి రాశారు.

ఎడ్లను పంపుతాము, అనుమతి కాగితం చూపించాక మూడు టేకుల వరకు మాత్రమే. పాపను చాక్‌పీసు మాస్టారి మాట ప్రకారం అడిగాము. హీరోయిన్ చిన్నప్పుడు ఏం చేస్తుందని తిరిగి అడిగింది. నూతి దగ్గర ఏడుస్తూ కూర్చుంటుందని చెబితే, తనకు ఏడవడం ఇష్టం లేదని, ఎడ్ల వెనకాల నడిచే వేషం ఉంటే చేస్తానని చెప్పింది. ఆ సంగతి వారికి చేరవేశాము.

అమ్మ వెనక గదిలోనే ఉంటుంది. నిన్న ఆర్ట్ విభాగం కుర్రాడు వచ్చినప్పుడు సుద్దముక్క పట్టుకుని అతని ముందు ముందు నడిచి, ఉట్టి కొక్కేనికి, దేవుడి గూటికి, వంటింటి గడపకు, నేను ఎన్నడూ గమనించని ఒక దూలం అడుగుభాగానికి గుర్తులు పెట్టింది. దూలానికి ఎందుకమ్మా అంటే, కట్టిన ఏడాది తాతగారు అక్కడ పేరు చెక్కించారట. టార్చి వేసి చూస్తే నిజంగానే ఉంది. ఆ కుర్రాడు ఫోటో తీసుకుని, అది సినిమాలో కనిపించేలా పెట్టవచ్చా అని అడిగాడు. అమ్మ ఆలోచించి చెబుతానంది.

షూటింగు మార్గశిరం మొదటి వారంలో అన్నారు. హీరో గారి డేట్లు ఇంకా ఖాయం కాలేదట.